గుండె తలుపునకు కొలత

మన గుండెకు నాలుగు ద్వారములు, ఆ ద్వారములకు నాలుగు కవాటములు కలవు. వానిలో ఎడమ జఠరికనుండి దేహమునకంతటికిని రక్తమును కొనిపోవు బృహద్ధమని మొదట నున్న కవాటము మిక్కిలి ముఖ్యమైనది. అందు మూడు పలుచని రేకులు ఒకదానితో నొకటి ఒదిగి యుండును. గుండె ముడుచుకొన్నప్పుడు ఆ రేకులు విడివడి రక్తమునకు దారి యిచ్చును. గుండె వదులైనప్పుడు మూతపడి, పోయిన రక్తము వెనుకకు రాకుండ అడ్డుకొనును. గుండె నిమిషమునకు 72 మారులు కొట్టుకొనునని లెక్కించినచో, ఈ తలుపు దినమునకు లక్ష మారులకు పైగా తెరచుకొని మూతపడును. 80 ఏండ్లు జీవించిన మనుష్యునిలో అది సుమారు మూడు వందల కోట్ల మారులు పనిచేసి యుండును. మన యింటి తలుపు బందులలో అంతటి పనికి ఓర్చునవి లేవు.

ఇంతటి రాపిడికి గురియైన రేకులపై కొందరిలో వృద్ధాప్యమున సున్నము పేరుకొనును. పట్టువలె మెత్తగా నుండవలసిన రేకులు పెంకువలె గట్టిపడును. ఆరోగ్యవంతునిలో 3 మొదలు 4 చదరపు సెంటీమీటర్ల మేర తెరచుకొనునట్టి ద్వారము 1 చదరపు సెంటీమీటరునకు తగ్గినప్పుడు వైద్యులు దానిని తీవ్రమైన సంకోచముగా పరిగణింతురు. ఆ యిరుకు సందులోనుండి రక్తమును నెట్టుటకు గుండె అధికముగా శ్రమించును. దాని గోడలు దళసరి యగును. కడకు అది అలసిపోవును. మెట్లెక్కునప్పుడు ఆయాసము, నడచునప్పుడు ఎదనొప్పి, ఉన్నట్లుండి స్పృహ తప్పుట, ఈ మూడును దాని ముఖ్య లక్షణములు. మన యిండ్లలో “వయస్సు మీద పడినది గదా, ఆయాసము రాదా?” అని పెద్దలు తమకు తామే సమాధానము చెప్పుకొందురు. కాని ఈ లక్షణములు పొడసూపిన పిదప కవాటమును మార్చనిచో, చాలమందికి మిగులు ఆయుర్దాయము రెండు మొదలు ఐదు సంవత్సరములు మాత్రమే. మందులు ఆయాసమును కొంత తగ్గింపగలవు గాని, సున్నముతో బిగిసిన తలుపును తెరువజాలవు.

ఈ వ్యాధికి తగిన శస్త్రచికిత్స చిరకాలముగా నున్నది. 1953లో అమెరికాలో డాక్టర్ జాన్ గిబ్బన్ గుండెకును ఊపిరితిత్తులకును బదులుగా పనిచేయు యంత్రమును మనుష్యునిపై జయప్రదముగా ఉపయోగించెను. 1960 నాటికి కృత్రిమ కవాటములను గుండెలోనే కుట్టి అమర్చుట ఆరంభమైనది. ఈ చికిత్సలో వైద్యుడు ఎదురొమ్ము ఎముకను నిలువుగా కోసి, గుండెను ఆపి, బృహద్ధమనిని తెరచి, పాడైన రేకులను కత్తిరించి తీసివేయును. అటుపిమ్మట, బంగారు పనివాడు వ్రేలికి కొలత యుంగరములను తొడిగి చూచునట్లు, ఆ ద్వారములో కొలత బిళ్లలను ఒకదాని తరువాత నొకటి పెట్టి చూచి, సరిపోయిన కవాటమును కుట్టును. ఇచట వైద్యుని కన్ను చూచుచున్నది, చేయి తాకుచున్నది. కొలత అక్కడికక్కడ, ఆ క్షణమందే లభించుచున్నది. ఈ మాటను జ్ఞాపకముంచుకొన గోరుదును. నేటి ప్రసంగమంతయు దీనిపై ఆధారపడి యున్నది.

అయితే ఎదను కోయుటకు తాళజాలని వృద్ధులు అనేకులు గలరు. ఊపిరితిత్తుల జబ్బు, మూత్రపిండముల బలహీనత, పూర్వము ఒకసారి జరిగిన గుండె శస్త్రచికిత్స, ఇట్టివి ఉన్నవారికి కత్తి పెట్టుటకు వైద్యులే జంకెడివారు. ఫ్రాన్సు దేశమున రువాన్ నగరములో డాక్టర్ అలె క్రిబియే అను హృద్రోగ నిపుణుడు ఇట్టివారిని గూర్చి యోచించెను. 1985లో ఆయన సన్నని గొట్టము చివర నొక బుడగను గుండె దాక పంపి, బిగిసిన కవాటములో ఆ బుడగను ఉబ్బించి, ద్వారమును వెడల్పు చేసెను. రోగులు తేరుకొనిరి; కాని కొలది మాసములలోనే కవాటము మరల బిగుసుకొనెడిది. వెడల్పు చేసిన ద్వారమును అట్లే నిలిపి యుంచుటకు లోపలనొక చట్రము, ఆ చట్రమునకు క్రొత్త రేకులు ఉండవలెనని ఆయనకు తోచెను. ఇంతలో డెన్మార్కు దేశమున డాక్టర్ హెన్నింగ్ ఆండర్సన్ 1989లో అట్టి మడత కవాటమును తన చేతితో తయారుచేసి, ఒక పంది గుండెలో అమర్చి చూపెను. 2002 ఏప్రిల్ 16వ తేదీన రువాన్ నగరములో క్రిబియే బృందము దీనిని మొదటిసారిగా మనుష్యునికి అమర్చినది. ఆ రోగి 57 ఏండ్లవాడు. మరణమునకు చేరువలో నుండెను. శస్త్రవైద్యులు కోయుటకు అంగీకరింపరైరి. కవాటము అమరిన వెంటనే అతని రక్తపు పోటు నిలబడినది. అతడు సుమారు నాలుగు మాసములు జీవించి, గుండెతో సంబంధము లేని కారణముచే మరణించెను. క్రిబియే 2024లో కాలధర్మము చెందునాటికి ప్రపంచమున లక్షలాది మంది ఈ చికిత్సను పొంది యుండిరి. దీనికి వైద్యులు టావీ అను సంక్షిప్త నామమును వాడుచున్నారు.

ఈ చికిత్స జరుగు విధమును క్లుప్తముగా మనవి చేయుదును. ఆవు, పంది వంటి జంతువుల గుండెను కప్పియుండు పొరతో మూడు రేకులు చేసి, వానిని లోహపు జాలీ చట్రములో కుట్టెదరు. ఆ చట్రమును గొడుగువలె ముడిచి సన్నని గొట్టము కొన కమర్తురు. గజ్జ యొద్దనున్న తొడ ధమనిలో చిన్న రంధ్రము చేసి, దానిగుండ గొట్టమును పైకి పంపి, గుండె దాక చేర్చి, పాత కవాటము నడుమ నిలిపి, చట్రమును విచ్చుకొనజేయుదురు. ఒక రకపు చట్రము బుడగ ఉబ్బినప్పుడు విచ్చుకొనును. మరియొక రకము తొడుగును వెనుకకు లాగినంతనే తనంతట తాను విచ్చుకొనును. పాత రేకులను తీసివేయుట లేదు. అవి చట్రమునకును ధమని గోడకును నడుమ నొత్తుకొనిపోయి అక్కడనే యుండును. క్రొత్త కవాటమును పట్టి నిలుపుటకు కుట్లు లేవు; బిగింపే దానికి ఆధారము.

ఇప్పుడు ఇందలి చిక్కు మీకు గోచరించియే యుండును. ఎద తెరువలేదు గనుక వైద్యుని కన్ను చూచుట లేదు, చేయి తాకుట లేదు. కొలత బిళ్లలు పెట్టి చూచుట కవకాశము లేదు. కవాటము చిన్నదైనచో దాని ప్రక్కలనుండి రక్తము వెనుకకు కారును, లేదా కవాటమే జారిపోవును. పెద్దదైనచో ద్వారపు గోడ చిట్లవచ్చును. అది నిమిషములలో ప్రాణమును తీయగల ప్రమాదము. బుడగతో అమర్చిన కవాటమును మరల ముడిచి వెనుకకు తీయుట కుదరదు. కనుక కొలతలన్నియు రోగి చికిత్స బల్లమీదికి రాకమునుపే కాగితముపై సిద్ధముగా నుండవలెను. ఈ కొలతల నిచ్చునది సీ.టీ. స్కాను. కోత చిన్నదైన కొలదియు కొలత పెద్దపనియైనది. ఈ చికిత్స యొక్క జయాపజయములలో అధికభాగము, చికిత్సకు కొన్ని దినములు ముందుగా, రోగి లేని గదిలో, స్కాను బొమ్మల యెదుట కూర్చున్నవారి చేతిలో నున్నది.

ఈ సత్యము మొదటనే తెలిసినది కాదు. తొలి సంవత్సరములలో రువాన్ బృందమునకు 23 మిల్లీమీటర్ల కవాటమొక్కటే లభ్యముగా నుండెను. ఎందరికో అది చాలక ప్రక్కలనుండి రక్తము కారెడిది. తరువాత ఇతర పరిమాణములు వచ్చినను, కొలత మాత్రము ఎకో పరీక్షతోనే తీసెడివారు. ఎకో పరీక్ష కవాటపు జబ్బును కనుగొనుటకు నేటికిని మొదటి సాధనమే. అయితే మామూలు ఎకో బొమ్మ గుండెను ఒక చీలికగా చూపును. అందులో ద్వారమునకు అడ్డముగా ఒక గీత గీసి దానినే వ్యాసముగా గ్రహించెడివారు. ద్వారము గుండ్రనిదైనచో ఒక్క గీత చాలును. కాని సీ.టీ. స్కానులో చూడగా, అనేకులలో అది కోడిగ్రుడ్డు ఆకారమున నున్నట్లు తేటపడినది. ఎకో బొమ్మలోని గీత తరచుగా ఆ గ్రుడ్డు యొక్క పొట్టి వ్యాసమునకే సమీపముగ నుండెడిది.

దీనివలన ఎంత తేడా వచ్చునో ఒక లెక్కతో చూతము. ఒక వృద్ధురాలి ద్వారము పొట్టి వైపున 22 మిల్లీమీటర్లు, పొడుగు వైపున 28 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. ఎకోలో 22 అని కనబడును. 22 వ్యాసము గల వృత్తపు వైశాల్యము 380 చదరపు మిల్లీమీటర్లు. ఆ లెక్కను నమ్మినచో 23 మిల్లీమీటర్ల కవాటము సరిపోవునని తోచును; ఏలయన దాని వైశాల్యము 415. కాని గ్రుడ్డు ఆకారపు అసలు వైశాల్యము 484. అనగా మనమెన్నుకొన్న కవాటము ద్వారము కంటె చిన్నది. చుట్టును సందు మిగులును. రక్తము ప్రతి స్పందనకును వెనుకకు కారుచుండును. 26 మిల్లీమీటర్ల కవాటమైనచో దాని వైశాల్యము 531. ద్వారము కంటె నూటికి పది వంతులు పెద్దదై బిగువుగా నిలుచును. పేరు ఒక్కటే, రోగి ఒక్కరే; కొలత మారగనే కవాటము మారినది.

సీ.టీ. స్కాను చరిత్రను రెండు మాటలలో చెప్పుదును. 1895లో రంట్‌జన్ కనుగొనిన ఎక్స్‌రే దేహములోని వస్తువులన్నింటిని ఒకదానిపై నొకటి పడిన నీడలుగా చూపును. ఇంగ్లండు దేశపు ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డు, అనేక కోణములనుండి తీసిన ఎక్స్‌రే కొలతలను గణక యంత్రముచే గుణించి, దేహమును అడ్డముగా కోసి చూచినట్లు బొమ్మను పొందవచ్చునని నిరూపించెను. 1971 అక్టోబరు 1వ తేదీన లండను చేరువనున్న వింబుల్డన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తలను ఇట్లు చిత్రించిరి. దీనికి గణితపు పునాది వేసిన ఆలన్ కార్మాక్‌తో కలసి ఆయన 1979లో నోబెల్ బహుమానమును పొందెను. స్కానులో నీటికి సున్నయు, గాలికి మైనస్ వేయియు విలువలుగా నిర్ణయించిన కొలమానము నేటికిని హౌన్స్‌ఫీల్డు పేరనే చెల్లుచున్నది. సున్నపు గడ్డలు ఈ కొలమానమున మిక్కిలి హెచ్చు విలువలు కలిగి, బొమ్మలో తెల్లగా మెరయుచు కనబడును.

తల కదలక యుండును; గుండె కదలక యుండదు. కదలు వస్తువు బొమ్మ మసకబారును. అందుచేత రోగి ఎదపై తీగెల నంటించి, గుండె విద్యుత్తు గీతలను గమనించుచు, స్పందనలో ఏ దశయందు తీసిన బొమ్మ ఏదో గుర్తించి, ఒకే దశకు చెందిన వానిని కూర్చెదరు. రక్తమార్గములు స్పష్టముగా కనబడుటకు చేతి నరము ద్వారా అయోడిను గల రంగుమందును ఎక్కింతురు. రోగి కొలది క్షణములు ఊపిరి బిగబట్టిన చాలును. మిల్లీమీటరునకు లోబడిన మందముగల పలుచని పొరలుగా మెడ మొదలు తొడల వరకు బొమ్మలు లభించును. ఆ పొరలను గణక యంత్రములో పేర్చి, నిపుణుడు గుండెను తనకు వలసిన దిక్కున కోసి చూచును.

ఈ కోత మాటయే ముఖ్యము. మన వంటయింటిలో దోసకాయను సరిగ్గా అడ్డముగా తరిగిన గుండ్రని ముక్క వచ్చును. కత్తిపీటపై కాయ ఏమాత్రము వాలినను ముక్క కోలగా వచ్చును. కాయ మారలేదు, కోత మారినది. గుండె ద్వారమును కొలుచునప్పుడును ఇట్టి పొరపాటు జరుగవచ్చును. బృహద్ధమని ఎదలో ఏటవాలుగా నుండును గనుక, స్కాను ఇచ్చిన అడ్డుపొరలను ఉన్నవి ఉన్నట్లు కొలుచుట తప్పు. కవాటపు మూడు రేకులును గోడ నంటియున్న అట్టడుగు బిందువులను మూడింటిని వెదకి, ఆ మూడింటిగుండ పోవు తలమున కోసినప్పుడే నిజమైన ద్వారము కనబడును. ఆ వలయము కంటికి అగపడు కండరపు కట్టు కాదు. మూడు బిందువులను కలుపగా ఏర్పడిన ఊహావలయము. గుండె ముడుచుకొని ద్వారము వెడల్పుగా నున్న దశలో దానిని కొలుచుట వాడుక.

తలము దొరికిన పిమ్మట దాని వైశాల్యమును, చుట్టుకొలతను లెక్కింతురు. బండిచక్రమునకు ఇనుప పట్టా వేయు కమ్మరి ఈ మర్మమును ఏనాడో గ్రహించెను. అతడు చక్రపు అడ్డుకొలతను నమ్మడు; అంచు వెంబడి కొలతచక్రమును దొర్లించి చుట్టుకొలతను తీయును. పట్టా అంతకంటె రవంత చిన్నదిగా చేసి, కాల్చి తొడుగును. చల్లారినప్పుడది కఱ్ఱను బిగించి పట్టును. మన వైద్యుడు చేయునది దీనికి తలక్రిందు. ఇచట వలయము వెలుపల నున్నది. లోపల చట్రము వచ్చుచున్నది. కనుక చట్రము రవంత పెద్దదిగా నుండవలెను. రవంత అనుటలోనే జాగ్రత్త యంతయు కలదు. బుడగతో విచ్చుకొను కవాటము వైశాల్యమున ద్వారముకంటె నూటికి ఇరువది వంతులకు మించి పెద్దదైనప్పుడు, ద్వారమునకు దిగువ గోడలో సున్నపు గడ్డలు కూడ నున్నచో, గోడ చిట్లు భయము హెచ్చునని అనుభవము నేర్పినది.

సున్నము ఇచట మిత్రుడును శత్రువును గూడ. రేకులపై గట్టిగా పేరుకొన్న సున్నమే చట్రమును పట్టి నిలుపుచున్నది. సున్నము లేని కవాటములో చట్రము జారిపోవచ్చును. కాని గడ్డలు ఒకేవైపున పెద్దవిగా నున్నచో చట్రము పూర్తిగా విచ్చుకొనక, ఆ ప్రక్క సందు మిగులును. స్కాను బొమ్మలో సున్నము ఎంత యున్నది, ఏ రేకుపై నున్నది, ద్వారమునకు దిగువకు జారి యున్నదా అను విషయములు తెలియును. ఎకో పరీక్ష తేల్చి చెప్పలేనప్పుడు, వ్యాధి నిజముగా తీవ్రమైనదా కాదా అనుటకు గూడ సున్నపు లెక్క సాయపడును. రంగుమందు లేకుండ తీసిన స్కానులో పురుషులకు 2000, స్త్రీలకు 1200 దాటిన లెక్క వచ్చినచో సంకోచము తీవ్రమైనదని తలంచుటకు హేతువు కలదు.

మరియొక కొలత హృద్ధమనులకు సంబంధించినది. గుండె కండరమునకే రక్తమిచ్చు రెండు ధమనులు కవాటమునకు కొంచెము పైనుండి బయలుదేరును. క్రొత్త చట్రము పాత రేకును గోడవైపు నొత్తినప్పుడు, ఆ రేకు లేచి ధమని నోటిని మూసివైచినచో గుండెపోటు తప్పదు. ద్వారతలమునుండి ధమని నోరు ఎంత ఎత్తున నున్నది, అచట ధమని మొదలు ఎంత విశాలముగా నున్నది అనువానిని కొలుతురు. ఎత్తు 10 లేక 12 మిల్లీమీటర్లకు తక్కువయై, వెడల్పు 30 మిల్లీమీటర్లకు తక్కువయైనచో అది హెచ్చరిక. అప్పుడు ధమనిని కాపాడుటకు ముందుగానే తీగెను సిద్ధపరతురు. లేదా ఈ మార్గమునే విడిచి, ఎద తెరచు శస్త్రచికిత్సకు మరలుదురు.

ఇక దారి సంగతి. క్రిబియే మొదటి రోగికి కాలి ధమనులు పాడై యుండుటచే, ఆయన సిరద్వారా ప్రవేశించి, గుండె కుడి గదినుండి ఎడమ గదికి నడిమి గోడను దాటిపోవలసి వచ్చినది. ఆనాటి తొడుగులు 8 మిల్లీమీటర్ల వరకు లావుగా నుండెడివి. నేటి తొడుగులు సన్నబడినందున 5 లేక 5.5 మిల్లీమీటర్ల లోపలి వెడల్పు గల తొడ ధమని చాలును. అయినను వృద్ధుల ధమనులు ఇరుకై, మెలికలు తిరిగి, చుట్టును సున్నపు కట్లు కలిగి యుండవచ్చును. బలవంతముగా త్రోసినచో ధమని చీలును. స్కాను తొడనుండి గుండె వరకు గల దారినంతయు చూపును. క్రింది దారి కుదరనిచో భుజము క్రింది ధమనినో, మెడ ధమనినో ఎన్నుకొందురు. దూరప్రయాణమునకు బండి కట్టుటకు ముందు వాగులను వంతెనలను విచారించుకొనుట వంటిది ఈ పని.

ఇవిగాక, చికిత్స సమయమున ఎక్స్‌రే యంత్రమును ఏ కోణమున నిలిపినచో మూడు రేకుల అడుగులును ఒకే గీతపై కనబడునో స్కానునుండి ముందే గుణింతురు. దానివలన చికిత్స త్వరితమగును, రంగుమందు తగ్గును. కవాటమునకు దిగువనే గుండెను కొట్టుకొనజేయు విద్యుత్తు దారి పోవుచున్నది. చట్రము లోతుగా దిగినచో అది నొక్కుకొనిపోయి పేస్‌మేకరు పెట్టవలసి వచ్చును. అచటి పలుచని పొర ఎంత పొడవున్నదో చూచి చట్రమును ఎంత లోతున నిలుపవలెనో నిర్ణయింతురు.

ఈ చికిత్సవలన కలిగిన మేలు చిన్నది కాదు. శస్త్రచికిత్సకు తగరని నిర్ణయింపబడిన 358 మంది రోగులపై జరిపిన పరిశీలన 2010లో ప్రకటితమైనది. పాత పద్ధతుల చికిత్సలో నున్నవారిలో ఏడాది తిరుగునప్పటికి నూటికి 50.7 మంది మరణింపగా, క్రొత్త కవాటము నమర్చినవారిలో 30.7 మంది మరణించిరి. 2019లో వెలువడిన పరిశీలనలు, శస్త్రచికిత్సకు తాళగలవారికి కూడ ఈ పద్ధతి అందుకు తీసిపోదని చూపినవి.

అయితే కోత లేనిదను మాట విని ఎల్లరును దీనినే కోరుట యుక్తము కాదు. 2020 నాటి అమెరికా వైద్యసంఘముల సూచనల ననుసరించి 65 ఏండ్లకు లోబడినవారికి శస్త్రచికిత్సయే మేలు. 80 దాటినవారికి టావీ మేలు. నడిమి వయస్సువారు వైద్యులతో కలసి నిర్ణయించుకొనవలెను. జంతుపొరతో చేసిన రేకులు కాలక్రమమున అరిగిపోవుట దీనికొక కారణము. పుట్టుకతోనే మూడింటికి బదులు రెండు రేకులు గలవారిలో ద్వారము వికారముగా నుండి అమరిక కష్టమగును. మన దేశమున కీళ్లజ్వరమువలన చిన్నవయస్సుననే కవాటములు చెడినవారు ఇప్పటికిని గలరు. వారిలో రేకులు అంచుల వెంబడి అతుకుకొనిపోవును, సున్నము తక్కువ, తరచుగా రెండు కవాటములు చెడి యుండును. ముసలితనపు సున్నమునకై కల్పించిన ఈ చికిత్స వారిలో చాలమందికి పొసగదు. స్కాను “కూడదు” అని చెప్పినను అది తన పనిని నెరవేర్చినట్లే యెంచవలెను.

స్కానునకును తన దోషములు కలవు. రంగుమందు మూత్రపిండములకు భారము. వృద్ధులలో అవి ముందే బలహీనముగా నుండవచ్చును. అందుచే క్రియాటినిన్ అను రక్తపరీక్ష చేసి, మందు మోతాదును తగ్గించుటకు యత్నింతురు. పూర్వమెన్నడైన రంగుమందు సరిపడక దద్దురులు గాని, ఊపిరాడకుండుట గాని కలిగియున్నచో ఆ మాట ముందుగా చెప్పవలెను. చక్కెర వ్యాధికి వాడు మాత్రల పేర్లను గూడ వైద్యునకు తెలుపవలెను. ఎక్స్‌రే కిరణముల సోకుడు పడుచువారి విషయమున ఆలోచింపదగినదే గాని, ఎనుబది ఏండ్ల వృద్ధునకు కవాటపు జబ్బుముందు అది స్వల్పము.

మన దేశమునందును ఈ చికిత్స హైదరాబాదు మొదలగు నగరములలో జరుగుచున్నది. గుజరాతులోని వాపి పట్టణమున ఈ రకపు కవాటములు తయారగుచున్నవి. విదేశీ కవాటములలో సాధారణముగా 20, 23, 26, 29 మిల్లీమీటర్లు అని మూడేసి మిల్లీమీటర్ల అంతరముండగా, ఇచట తయారగు కవాటములలో 21.5, 24.5, 27.5 వంటి నడిమి పరిమాణములును దొరకుచున్నవి. రెండు పరిమాణముల మధ్య చిక్కుకొన్న రోగికి ఇది ఉపకరించును. కాని నడిమి పరిమాణమును ఎన్నుకొనుటకు కొలత ఇంకను నిక్కచ్చిగా నుండవలెను గదా! వ్యయము మాత్రము ఇప్పటికిని అనేక లక్షల రూపాయలలో నున్నది. ఎన్నో కుటుంబములు పొలము, నగలు కుదువబెట్టి తెచ్చిన సొమ్ముతో ఈ నిర్ణయమునకు వచ్చుచున్నవి. అట్టి సొమ్ము సరిపడని కవాటముపై వ్యయము కారాదు.

కనుక మీ యింట పెద్దలలో ఎవరికైనను మెట్లెక్కునప్పుడు ఆయాసము, ఎదనొప్పి, తలతిరిగి పడుట కనబడినచో వయస్సు ధర్మమని ఊరకుండక, వైద్యుని స్టెతస్కోపుతో ఎదను పరీక్షింపజేయుడు. కవాటము బిగిసినప్పుడు వినవచ్చు ప్రత్యేక ధ్వనిని అనుభవముగల చెవి పట్టగలదు. ఎకో పరీక్షలో జబ్బు తీవ్రమని తేలి, టావీ మాట వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడుగుడు. గుండె స్పందనతో జతపరచిన సీ.టీ. స్కాను తీసిరా? ద్వారపు కొలత ఎంత వచ్చినది, దానికి ఏ పరిమాణపు కవాటమును ఎన్నుకొనిరి? హృద్ధమనుల ఎత్తును, తొడ ధమని వెడల్పును ఏమని తేలినవి? హృద్రోగ నిపుణుడు, శస్త్రవైద్యుడు, స్కాను చూచిన వైద్యుడు ముగ్గురును కలసి మాటలాడుకొనిరా? ఈ ప్రశ్నలడుగుట వైద్యుని శంకించుట కాదు. మంచి వైద్యుడు ఈ లెక్కలను బొమ్మలతో చూపి సంతోషముగా వివరించును. స్కాను తీసిన తరువాత చికిత్సకు మూడు నాలుగు దినములు జాగైనచో తొందరపడకుడు. ఆ దినములలో జరుగుచున్నది కొలతయే. స్కాను బొమ్మలు గల డిస్కును, నివేదికను ఇంటిలో భద్రపరచుకొనుడు. కొన్నియేండ్లకు క్రొత్త కవాటము అరిగి, దానిలోపల మరియొకటి అమర్చవలసి వచ్చినప్పుడు, నేటి కొలతలతోనే రేపటి వైద్యుడు తన లెక్కను ఆరంభించును.